వెనిగర్ సీసా కాస్త తూర్పుకి

ఝెంగ్‌ఝౌ,
1954 అక్టోబరు.

అక్కకి,

క్షేమంగా చేరాను. నేనూ, నా పెట్టే, ఆఫీసు బల్లలూ అందరం ఒకే బండిలో వచ్చాం. బల్లలకి దెబ్బలు తగిలాయి, నాకు తగల్లేదు. రాష్ట్ర రాజధానిని కైఫెంగ్ నుంచి ఇక్కడికి మారుస్తున్నారంటే ఏమిటో అనుకున్నాను గానీ, దగ్గరుండి చూస్తే అది చాలావరకు బల్లలూ బీరువాలే.

గది బాగుంది. ఒక కిటికీ ఉంది. పొద్దున్నే ఎండ పడుతుంది. ఎటు నుంచి పడితేనేం, పడుతుంది.

ఊరు కొత్తది. రైలు పట్టాలు ముందు పుట్టి వీధులు తరువాత పుట్టాయి కాబట్టి, వీధులన్నీ పట్టాలు ఎటుపోతే అటు ఏటవాలుగా పోతాయి. మన ఊళ్ళోలా "ఉత్తరానికి వెళ్ళి పడమటికి తిరుగు" అని ఇక్కడ ఎవరూ దారి చెప్పరు. "ముందుకెళ్ళి ఎడమ పక్కకి" అంటారు. ఎవరి ఎడమ అని అడిగితే నవ్వుతారు.

క్యాంటీన్లో మొదటి రోజు అలవాటు కొద్దీ "ఆ వెనిగర్ సీసా కాస్త తూర్పుకి జరపండి" అన్నాను. దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయన కిటికీలోంచి బయటికి చూశాడు, అక్కడ ఏదో ఉందనుకుని. ఇంకొకాయన ఈ ఊరివాడే. పాపం, జరిపాడు. నాకు అందలేదు. వెనిగర్ లేకుండానే తిన్నాను.

పని అదే, నది కట్టల పటాలు గీయడం. కాగితం మీద ఉత్తరం పైవైపే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. నువ్వు దిగులు పెట్టుకోకు. ఊరు బాగా అలవాటైపోయింది. వచ్చి వారమే అయింది, అయినా అలవాటైపోయింది.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు
దెహౌ


కైఫెంగ్,
నవంబరు మొదట్లో.

తమ్ముడు దెహౌకి,

ఉత్తరం అందింది. రాజధాని పోయిందని ఇక్కడ ఎవరూ ఏడవడం లేదు. ఇదివరకూ పోయింది, మనవాళ్ళకి అలవాటే. మీ ఆఫీసులవాళ్ళు పోయాక టీకొట్లో కూర్చోవడానికి చోటు దొరుకుతోందని మీ బావ సంతోషిస్తున్నాడు. ఆయన సంతోషం ముఖంలో కనపడదు, నేను చెబితేనే తెలియాలి.

చలికాలానికి క్యాబేజీలు దాచుకుందామని పెరట్లో గుంట తవ్వించాను. మనిషి లోతు పోయేసరికి ఎవరిదో ఇంటికప్పు తగిలింది. వీధి వీధంతా వచ్చి చూసి, పెంకులు మంచివని మెచ్చుకుని వెళ్ళారు. ఏ వరదకి మునిగిన ఇల్లో, ఎవరు కాపురం చేశారో. పూడ్చేసి పక్కన తవ్వుకున్నాం. ఒక్కటి మాత్రం గమనించాను. ఆ కప్పు మన కప్పులాగే దక్షిణానికి వాలి ఉంది. వాళ్ళ గుమ్మం సరిగ్గా మన గుమ్మం కిందే ఉండాలి. నది ఎన్నిసార్లు మట్టి పోసి పూడ్చినా, మిగిలినవాళ్ళు వచ్చి మళ్ళీ అటే తలుపు పెట్టుకున్నారు. మనవాళ్ళకి ఇల్లు పోతుంది గానీ వైపు పోదు.

అసలు సంగతికి వస్తాను. సంబంధాలు చూసే గువో పిన్ని మొన్న వచ్చింది.

"నీ తమ్ముడు ఇంకా ఒంటరిగానే తింటున్నాడా?" అంది.

"లేదు పిన్నీ, క్యాంటీన్లో వందమందితో కలిసి తింటున్నాడు."

"ఒంటరితనం అంటే అదేనే" అంది.

ఆమె చేతిలో ఒక సంబంధం ఉంది. పేరు పెయ్‌యున్. మన ఊరి పిల్లే, ఇనుప గోపురం పక్క వీధి. పత్రిక ప్రెస్సులో కంపోజిటరు. ప్రెస్సుతో పాటు ఆమె కూడా మీ ఊరు వచ్చేసింది. భర్త జబ్బు చేసి పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. మాట తక్కువ, పట్టుదల ఎక్కువట. లాన్‌ఝౌలో కొత్తగా పెడుతున్న ప్రెస్సుకి మనుషులు కావాలంటున్నారు. ఇక్కడ తనని ఆపేదేమీ లేకపోతే కొత్త సంవత్సరంలోగా అక్కడికి వెళ్ళిపోతానంటోంది. లాన్‌ఝౌ అంటే దగ్గరా? మన నది పుట్టి వచ్చే వైపు.

మీ బావ పెంచిన పచ్చ చేమంతి కుండీ ఒకటి రైలు గార్డు చేతికిచ్చి పంపుతున్నాను. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి, అక్కడి కొత్త పార్కు తూర్పు గేటు దగ్గర దాన్ని పట్టుకుని నిలబడు. నిన్ను పోల్చుకోవడానికి అదే గుర్తు. చోటు ఆ పిల్లే చెప్పింది.

నీ భార్య పోయిన దగ్గర్నుంచీ నువ్వు ఒక్కడివే కూర్చుని తింటున్నావని తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. గడ్డం గీసుకుని వెళ్ళు.

అక్క
జింగ్‌షూ


ఝెంగ్‌ఝౌ,
నవంబరు, ఆదివారం సాయంత్రం.

అక్కకి,

గడ్డం గీసుకునే వెళ్ళాను. తూర్పు గేటు దగ్గర పదింటికి ముందే నిలబడ్డాను. ఆమె రాలేదు.

నన్ను కుండీలు అమ్ముకునేవాడు అనుకున్నారు. ముగ్గురు ధర అడిగారు. అమ్మను అంటే మరెందుకు నిలబడ్డావన్నారు. గేటు దగ్గరి పోలీసాయన లైసెన్సు ఉందా అని అడిగాడు. ఒక మనిషి కోసం ఎదురుచూస్తున్నానని చెప్పాను. ఆయన కాసేపు నాతో పాటే ఎదురుచూశాడు. మంచివాడు. మధ్యాహ్నానికి "ఇక వెళ్ళండి, పువ్వు వాడిపోతుంది" అన్నాడు.

రావడం ఇష్టం లేకపోతే కబురు చేయొచ్చు. ఇంతకంటే రాయడానికేమీ లేదు. కుండీ కిటికీలో పెట్టాను.

దెహౌ


కైఫెంగ్,
నవంబరు.

తమ్ముడికి,

నువ్వు రాసింది ఒకటి, ఇక్కడ జరిగింది ఒకటి. గువో పిన్ని నిన్న మన వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండా, వీధికంతా వినపడేలా మాట్లాడింది. గొంతు సంగతి నీకు తెలుసుగా.

"ఆ పిల్ల తూర్పు గేటు దగ్గర చలిలో పూటంతా నిలబడిందటే. కుండీ లేదు, మనిషి లేడు. ఎదురుగా చిలగడదుంపలు కాల్చే ముసలాడి బండి ఉంది, కావాలంటే వాణ్ణి అడుగు. మీ తమ్ముడికి ఇష్టం లేకపోతే మొదటే చెప్పి చావొచ్చుగా. నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

నీ ఉత్తరం తీసి చూపించాను. పోలీసు ఉన్నాడు అని చెప్పాను. ఆమె బండి ఉంది అంది. నేను పోలీసు అన్నాను. పక్కింటివాళ్ళు గోడ మీదకి వచ్చి విన్నారు. ఆఖరికి నేనే అబద్ధమాడుతున్నట్టు అయింది.

నిజం చెప్పు. వెళ్ళావా? తూర్పు గేటుకే వెళ్ళావా? వెళ్ళి, దూరం నుంచి ఆమెని చూసి నచ్చక తిరిగొచ్చావా? అదే అయితే నాతో చెప్పు, తిట్టి ఊరుకుంటాను. కాదంటే అదీ చెప్పు. నా దగ్గర కూడా దాస్తే ఇంకెవరితో చెప్పుకుంటావు?

అక్క


ఝెంగ్‌ఝౌ,
నవంబరు చివర.

అక్కకి,

సరే, చెబుతాను. నవ్వకు.

ఈ ఊళ్ళో దిగిన రోజే నా దిక్కులు తిరిగిపోయాయి. మన స్టేషన్ ఊరికి దక్షిణాన ఉంది కదా, బయటికి వస్తే ఎదురుగా ఉత్తరం. బుద్ధి తెలిసినప్పటి నుంచీ స్టేషన్ అంటే నాకు అదే. ఇక్కడి స్టేషన్ తూర్పుకి తెరుచుకుంటుంది. అది తెలియక, బయటికి వచ్చి ఎదురుగా ఉన్నది ఉత్తరమే అనుకున్నాను. మర్నాడు తెలిసింది. తెలిసినా ఒళ్ళు ఒప్పుకోవడం లేదు. అప్పటి నుంచి సూర్యుడు నాకు ఉత్తరాన ఉదయించి దక్షిణాన అస్తమిస్తున్నాడు. ఆఫీసులో దిక్సూచి తీసి చూశాను. సూది ఒకటి అంది, నేను ఒకటి అన్నాను. ఎవరి మాట మీద వాళ్ళం ఉన్నాం.

పటాలు గీసేవాడికి తూర్పు ఏదో తెలియదంటే ఎవరైనా ఉద్యోగంలో ఉంచుతారా? అందుకే ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

పార్కుకి వెళ్ళే రోజు నా మీద నాకు నమ్మకం లేక, పక్క బల్ల సన్ గారిని అడిగాను. ఆయన ఇక్కడే పుట్టాడు. తూర్పు గేటు చూపించాడు. అది నిజంగా తూర్పు గేటే. గేట్ల మీద ఇంకా పేర్లు రాయలేదు గానీ, తూర్పు తూర్పే కదా.

నీ ఉత్తరం చూశాక పార్కు చుట్టూ తిరిగి ఆ చిలగడదుంపల బండిని వెతికాను. దక్షిణపు గేటు దగ్గర ఉంది. అక్కడ నిలబడగానే, అక్కా, ఇదే తూర్పు అని నా ఒళ్ళంతా చెప్పింది. సన్ గారిని అడగకుండా ఉంటే నేరుగా అక్కడికే వెళ్ళి ఉండేవాణ్ణి.

ముసలాయన్ని అడిగాను, ఫలానా ఆదివారం ఒకావిడ ఇక్కడ నిలబడిందా అని.

"నిలబడింది. రెండు దుంపలు కొంది. ఒకటి తింది. రెండోది తినలేదు, చేతిలో పట్టుకుని చల్లారబెట్టింది. డబ్బిచ్చింది కదా, మనకెందుకు?"

ఆ రెండో దుంప ఎవరి కోసమో నాకు తెలుసు. అది తలుచుకుంటే బాధగా ఉంది.

ఆమెకీ నాలాగే తిరిగిపోయింది. ఒకే ఊరి నుంచి వచ్చి, ఒకే గుమ్మంలోంచి బయటికొచ్చిన వాళ్ళం, తప్పు కూడా ఒకటే చేశాం. ఈ మాట గువో పిన్నితో చెప్పి పంపు. తప్పు ఆమెది కాదు, నాదీ కాదు, స్టేషన్‌ది.

దెహౌ


కైఫెంగ్,
డిసెంబరు మొదట్లో.

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవ్వలేదు. నవ్వొచ్చే సంగతైతే కదా.

రెండు మూడు గంటలు రైల్లో కూర్చుంటే తూర్పు జారిపోతుందా? అది సంచీలో పెట్టుకున్న కోడిగుడ్డా? మన ఊరు నది కింద ఎన్నిసార్లు మునిగింది. పైన మట్టి, కింద మట్టి, మధ్యలో మనం. అయినా మన తూర్పు ఇంచు కూడా కదల్లేదు. నువ్వేమో పెట్టె పట్టుకుని పక్క ఊరు వెళ్ళి, సూర్యుడు ఉత్తరాన వస్తున్నాడంటావు. నేను ఎప్పుడూ రైలెక్కలేదు. ఎక్కకపోవడం మంచిదే అయింది.

మీ బావకి చదివి వినిపించాను. "ఊఁ" అన్నాడు.

ఈ సాకు నేను మొయ్యను. పైగా "అమ్మా, తప్పు గేటు దగ్గర నిలబడింది నువ్వే" అని ఆడపిల్లకి ఎలా కబురు పంపను? మాట పట్టింపు మనిషంటున్నారు. అందుకని, నీకు ఆ రోజు కడుపునొప్పి వచ్చి గదిలోంచి కదల్లేకపోయావని చెప్పాను. గువో పిన్ని నమ్మింది. కడుపునొప్పి అందరికీ తెలిసిన జబ్బు.

ఇంకొక్కసారి వస్తానందట. వచ్చే ఆదివారం, అదే వేళకి, తూర్పు గేటు దగ్గర. ఈసారి సరిగ్గా నిలబడు. చేమంతి ఇంకా ఉందా?

నీ మీద కోపంతో రాస్తున్నాననుకోకు. కోపమే, కానీ నీ మీద కాదు. ఎవరి మీదో తెలియడం లేదు.

అక్క


ఝెంగ్‌ఝౌ,
డిసెంబరు.

అక్కకి,

మళ్ళీ అదే అయింది.

నువ్వు తూర్పు గేటు అన్నావు. ఆమెకి తూర్పు అంటే ఏదో నాకు తెలుసు కాబట్టి, నేరుగా దుంపల బండి దగ్గరికి వెళ్ళాను. చేమంతి పువ్వు రాలిపోయింది. కొమ్మలు కోసేశాను. కుండీలో బొటనవేలంత మొదలు మిగిలింది. దాన్నే పట్టుకుని నిలబడ్డాను. ఈసారి ధర ఎవరూ అడగలేదు.

రెండు దుంపలు కొన్నాను. ముసలాయన నా వైపు చూసి, "ఈమధ్య అందరూ రెండేసి కొంటున్నారు" అన్నాడు. రెండూ చల్లారిపోయాయి. రెండూ నేనే తిన్నాను.

ఇక వదిలెయ్, అక్కా. ఆమెకి రావాలని లేదు. లాన్‌ఝౌ మంచి ఊరే అంటున్నారు. గువో పిన్నికి నా తరఫున క్షమాపణ చెప్పు. నా కడుపునొప్పి తగ్గిందని కూడా చెప్పు.

ఇక్కడ చలి పెరిగింది. గాలి ఉత్తరం నుంచి వస్తోందంటున్నారు. నాకు పడమటి నుంచి తగులుతోంది. ఎటు నుంచి తగిలినా చలి చలే.

దెహౌ


కైఫెంగ్,
డిసెంబరు చివర.

తమ్ముడికి,

ఈ ఉత్తరం అందగానే చదువు. అన్నం తింటుంటే ఆపి చదువు.

గువో పిన్ని వచ్చింది. ఈసారి లోపలికొచ్చి కూర్చుంది, అరవలేదు. అదే నాకు భయం వేసింది. ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? మొదటిసారి నువ్వు రానందుకు, తప్పు తనదేమోనని అనుమానం వచ్చి, ప్రెస్సు వాచ్‌మన్ని పిలిచి తూర్పు ఎటని అడిగిందట. ప్రెస్సంతా నవ్వారట. వాడు చూపించిన గేటుకి వెళ్ళి నిలబడింది. అంటే నువ్వు మొదటిసారి నిలబడ్డ గేటు. అక్కడి పోలీసు ఆమెని చూసి, "పోయిన నెల ఒకాయన కుండీ పట్టుకుని ఇక్కడే ఇలాగే నిలబడ్డాడు, మీరు ఆయన తాలూకా?" అన్నాడట.

దాంతో నా కడుపునొప్పి అబద్ధం బయటపడింది.

ఆమె గువో పిన్నితో అన్నది ఇదీ: "ఆయన గేటుకి నేను వెళ్ళాను. నా గేటుకి ఆయన వచ్చే ఉంటాడు. ఇంతకన్నా మర్యాద ఇంకేం కావాలి? ఇక చాలు పిన్నీ." లాన్‌ఝౌకి పేరిచ్చేసింది. ఈ ఆదివారం మధ్యాహ్నం పడమటికి పోయే బండికి వెళ్ళిపోతోంది.

ఇద్దరు మనుషులు, రెండు గేట్లు. ఇద్దరూ రెండింటి దగ్గరా నిలబడ్డారు. నువ్వు చెప్పిన సంగతి నేను అప్పుడే ఆమెకి చెప్పి పంపాల్సిందేమో. పంపాల్సిందని అనడం లేదు. పంపాల్సిందేమో అంటున్నాను.

స్టేషన్‌కి వెళ్ళు. ఆమె ఎలా ఉంటుందని గువో పిన్నిని అడిగాను. "మనిషిలా ఉంటుంది" అంది. గోధుమరంగు మఫ్లరు ఉంటుందేమోనని కూడా అంది, కానీ చలికాలంలో ఎవరికి లేదు?

వెళ్ళు. సిగ్గుపడి గదిలో కూర్చున్నావంటే నీకు నేను అక్కనే కాదు.

జింగ్‌షూ


ఝెంగ్‌ఝౌ,
ఆదివారం.

అక్కకి,

వెళ్ళాను.

స్టేషన్ ముందు సగం ఊరు ఉంది. మూటలతో ఉన్న ఆడవాళ్ళు, అందరికీ మఫ్లర్లే. కుండీ ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆ మోడుని చూసి ఎవరూ చేమంతి అనుకోలేదు. ఒకామె జాలిపడి, మీ చెట్టు చచ్చిపోయిందని చెప్పింది. వేళ్ళు కొయ్యబారిపోయాయి. బండికి ఇంకా టైము ఉంది. ఎదురుగా ఉన్న మాంసం సూపు కొట్లోకి వెళ్ళాను, కుండీ పట్టుకోవడానికి వేళ్ళు పనిచెయ్యాలి కదా.

కొట్టు నిండా జనం. ఒక బల్ల దగ్గర చోటు దొరికింది. ఒక సిపాయి, ఈ ఊరి పెద్దమనిషి ఒకాయన, చివర మూట పక్కన పెట్టుకుని తలవంచుకు తింటున్న ఒకావిడ. కుండీ బల్ల కింద పెట్టి సూపు తెప్పించుకున్నాను.

ఆవిడ తల ఎత్తకుండానే అంది, "ఆ వెనిగర్ సీసా కాస్త తూర్పుకి జరపండి."

సిపాయి ఆమె వైపు చూశాడు. ఊరి పెద్దమనిషి మర్యాదగా సీసాని జరిపాడు. అది నా ముందుకొచ్చింది, ఆమెకి ఇంకా దూరమైంది. నేను ఆలోచించలేదు. నా ముందు సీసా ఉంది, తూర్పుకి జరపమన్నారు, తూర్పుకి జరిపాను. సరిగ్గా ఆమె చేతి దగ్గర ఆగింది. ఆమె తీసుకుని పోసుకుంటోంది. పోసుకుంటూ మధ్యలో ఆగింది.

"ఏ వీధి?" అంది.

"సిల్కు బజారు వెనక వీధి."

"ఉత్తరం పక్కా, దక్షిణం పక్కా?"

"ఉత్తరం పక్క. పడమటి కొస ఇల్లు."

ఆమె వంగి బల్ల కింద చూసింది. చాలాసేపు చూసింది.

"పువ్వేదీ?"

"రాలిపోయింది. మొదలు బతికే ఉంది."

"పువ్వున్నప్పుడు చూపించాల్సింది."

"చూపించానండీ. పోలీసాయన చూశాడు."

ఆమె నవ్వలేదు. కానీ వెనిగర్ గిన్నెలో పడాల్సింది బల్ల మీద పడింది. సిపాయి తన గిన్నె పక్కకి తీసుకున్నాడు.

నేను అడిగాను, "మీకు సూర్యుడు ఎటు ఉదయిస్తున్నాడు?"

బల్ల దగ్గర అందరూ తినడం ఆపారు. ఆమె గొంతు తగ్గించింది.

"ఉత్తరాన. ఎవరితోనూ అనకండి. ప్రెస్సులో ఇప్పటికే నవ్వుతున్నారు."

"నాకూ ఉత్తరాన్నే. ఆఫీసులో నేను పటాలు గీస్తాను."

అప్పుడు నవ్వింది. అప్పుడే బయట బండి కూత వేసింది.

"మీ బండి" అన్నాను.

"తెలుసు. సూపు వేడిగా ఉంది, తాగనివ్వండి" అంది.

బండి వెళ్ళిపోయింది. సూపు అప్పటికి చల్లారిపోయిందని మా ఇద్దరికీ తెలుసు. లాన్‌ఝౌకి ఇంకొకరిని పంపుకుంటారట. వెళ్తామనేవాళ్ళు ప్రెస్సులో చాలామంది ఉన్నారట.

ఆమె మూట నేను మోశాను, నా కుండీ ఆమె మోసింది. దారిలో "పడమటికి తిరగాలి" అంది, ఇద్దరం ఒకే వైపు తిరిగాం. ఈ ఊరు వచ్చాక నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలిసింది ఇవాళే, అక్కా. సంతోషంగా ఉంది.

దెహౌ


కైఫెంగ్,
1955 మార్చి.

తమ్ముడికీ, పెయ్‌యున్‌కీ,

క్షేమంగా ఇల్లు చేరాం. పెళ్ళి చక్కగా జరిగింది. సూపు కుడుములు మన ఊళ్ళోలా లేవు, పైన తిత్తి మందం, అయినా తిన్నాను. గువో పిన్నికి కట్టి ఇచ్చినవి ఆమె రైల్లోనే తినేసింది.

ఒక మాట రాయాలి. రాయకుండా ఉందామని చూశాను, మనసు ఒప్పుకోలేదు.

ఆ రోజు మీ స్టేషన్లో దిగి బయటికి వచ్చాను. ఎదురుగా ఉన్నది తూర్పు అని నువ్వు ముందే రాశావు. అది గుర్తు పెట్టుకునే దిగాను, తూర్పు తూర్పు అనుకుంటూ. గుమ్మం దాటాను. ఎదురుగా ఉన్నది ఉత్తరం. ప్రయాణం బడలిక అనుకున్నాను. మర్నాడు పొద్దున మీ గదిలో కూర్చుంటే ఉత్తరపు కిటికీలోంచి ఎండ వచ్చి నా మోకాళ్ళ మీద పడింది. వేడిగా ఉందని పక్కకి జరిగాను, అంతే.

భోజనాల దగ్గర పెయ్‌యున్ "వదినా, ఆ ఊరగాయ గిన్నె కాస్త పడమటికి జరుపు" అంది. జరిపాను. ఆమె చేతికే అందింది. ఆమె నా వైపు చూసింది. నేను గిన్నె వైపు చూశాను. పెయ్‌యున్, నువ్వు ఆ తరువాత దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. నువ్వు మంచిదానివని నాకు అప్పుడు తెలిసింది.

తిరుగు ప్రయాణంలో మీ బావతో అన్నాను, "నాకూ తిరిగిపోయింది" అని.

"ఊఁ" అన్నాడు. తరువాత, చాలా దూరం పోయాక, "నాకు షూఝౌలో అయింది. పెళ్ళికి ముందు. పల్లీలు కొనడానికి వెళ్ళినప్పుడు" అన్నాడు.

"మరి నేను వాణ్ణి అన్నేసి మాటలు రాస్తుంటే చెప్పలేదేం?"

"నన్ను అడగలేదుగా."

మన స్టేషన్లో దిగి బయటికి వచ్చాం. ఉత్తరం ఎదురుగా, ఉండాల్సిన చోటే ఉంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. కోటగోడ కనపడేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. నేను ఇల్లు వదిలి రెండు రోజులే అయింది, అయినా అలా అయింది. నువ్వు అన్ని నెలలు ఒక్కడివీ ఎలా తిరిగావో ఆ ఊళ్ళో. నాకు అర్థం కాలేదురా. ఇప్పుడు అయింది.

కుండీలో చేమంతికి పిలకలు వచ్చాయని చూశాను. వేసవిలో తుంచి నాటుకోవాలి, ఎలాగో బావ రాస్తాడు, అంటే ఆయన చెబితే నేను రాస్తాను. ఎండ బాగా తగిలేలా కిటికీలో తూర్పు వైపు పెట్టు. ఏ తూర్పు అని నన్ను అడగొద్దు, దిక్సూచినీ అడగొద్దు. పెయ్‌యున్‌ని అడిగి పెట్టు.

అక్క
జింగ్‌షూ